ముప్పై ఏడుగురు ముత్తయిదువలు

పోయిన మాఘమాసంలో మా మరిది మనవరాలి పెళ్ళికి శ్రీకాకుళం వెళ్ళాను. నిలబడి తినడం నా మోకాళ్ళకు చేతకాదని కనిపెట్టి, ఎవరో పిల్ల ఒక అద్దె కుర్చీ తెచ్చి గోడవారగా వేసింది. వీపు ఆనుకునే చోట ఎర్రరంగుతో 37 అని రాసి ఉంది. కూర్చోబోతున్నదాన్ని అలాగే ఆగిపోయాను. "ఇంకెవరిదైనా అనుకుంటన్నారా మామ్మా, పర్లేదు కూర్సోండి" అంది ఆ పిల్ల. "కాదమ్మా, ఈ అంకె నాకు బాగా తెలిసినది, అందుకని చూస్తున్నాను" అన్నాను. పాపం, పెద్దవాళ్ళు ఏమన్నా నవ్వి ఊరుకోవాలని ఇంట్లో నేర్పినట్టున్నారు, నవ్వి వెళ్ళిపోయింది. నేను మాత్రం పెళ్ళికొడుకును కూడా సరిగ్గా చూడలేదు. భోజనం అయ్యేదాకా శృంగవరపుకోటలోని మా పాత పెరట్లోనే ఉన్నాను.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ నాలుగు లెక్కలూ మా తాతయ్య పెట్టిన భిక్ష. మాది తాళ్ళ కొట్టు. వీధి గదిలో కొబ్బరి పీచు తాళ్ళు, జనపనార తాళ్ళు, నూతి చాంతాళ్ళు చుట్టలు చుట్టి మా నడుముల ఎత్తున పేర్చి ఉండేవి. ఇల్లంతా పీచు వాసన, దాని వెనకాల వంటింట్లోంచి ఇంగువ వాసన, వానాకాలంలో రెండూ కలిసిపోయి ఒకటే వాసన. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త తాడు పట్టుకుంటే నాకు ఆకలి వేస్తుంది. తాతయ్య కొట్టు మా నాన్నకు అప్పగించేసి, పొద్దున్నే స్నానం, జపం ముగించుకుని, శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చునేవారు. ఒక చేతిలో నశ్యం డబ్బీ, ఎదురుగా నేనూ నా పలకా. లెక్క తెగకపోతే నశ్యం పీల్చేవారు. తుమ్ము వచ్చేలోపు జవాబు రాయాలి. నేను గబగబా లెక్కలు చెయ్యడం తాతయ్య తెలివి వల్ల కాదు, తాతయ్య తుమ్ము వల్ల వచ్చిందని మా అమ్మ అనేది.

మా మామ్మకు ఈ చదువు బొత్తిగా నచ్చేది కాదు. ఆమె లెక్క ఆమెకు ఉండేది. అయిదుకు ఒక చెయ్యి. పన్నెండు గుమ్మడి వడియాలంటే రెండు చేతులూ రెండు వేళ్ళూ. ఆ పద్ధతిలో ఆమె జీవితమంతా ఒక్కసారైనా తప్పలేదు. "ఆడపిల్లకి ఈ అంకెలేటండి. రేపు ఇది కొత్తవలస పోయి రైలు నడుపుతాదా" అనేది తాతయ్యతో, నేను వినేటట్టుగా. తాతయ్య నశ్యం పీల్చి, తుమ్మి, ఆ తుమ్మునే జవాబుగా వదిలేసేవారు.

ఆ ఏడు మా నాన్నకు మన్నెపు జ్వరం వచ్చింది. కొండ ఊళ్ళకు తాళ్ళు అమ్మడానికి వెళ్ళి తెచ్చుకున్నారు. అయిదు రోజులు ఒళ్ళు తెలియలేదు. ఆరో రోజు పొద్దున్న కళ్ళు తెరిచి గంజి అడిగారు. మామ్మ అక్కడికక్కడే అమ్మవారికి మొక్కుకుంది. మార్గశిరం ఆఖరి లక్ష్మివారం నాడు ఆరు ఆర్ల ముత్తయిదువలకు భోజనం పెట్టి, చేటలో పసుపూ కుంకుమా రవికల గుడ్డా పెట్టి వాయనం ఇస్తానని. మా వైపు గురువారాన్ని లక్ష్మివారమే అంటాం. మార్గశిరంలో ఆ వారాలు మాకు పండగలు. ఆరో రోజున బిడ్డ లేచాడు కనుక ఆరు బంతులు, బంతికి ఆరుగురు. మొక్కు మాట అమ్మవారు వినేసింది కనుక దానిలో మార్పు లేదు.

యుద్ధం రోజులు. గుడ్డకు కంట్రోలు. ముప్పై ఆరు రవికల ముక్కలు సంపాదించడానికి నాన్న, జ్వరం నుంచి లేచిన మనిషి, ఎన్ని ఊళ్ళు తిరిగారో. ముప్పై ఆరు తెచ్చారు. మామ్మ పెట్టె అడుగున దాచుకున్న ముక్క ఇంకొకటి ఉంది. అంతే. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, తరవాత అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఇదే, ఇంకో అయిదుగుర్ని పిలిచి ఏడో బంతి వెయ్యకపోయారా అని. వెయ్యలేకపోయాం.

బొట్టు పెట్టి పిలవడానికి నన్ను పంపారు. నాకప్పుడు పదేళ్ళు. వెండి కుంకుమభరిణె చేతికిచ్చి, మామ్మ పేర్లన్నీ చేతులూ వేళ్ళ లెక్కన అప్పచెప్పించుకుని, అనవలసిన మాట కూడా నేర్పింది: "మా మామ్మ మిమ్మల్ని మరీ మరీ పిలవమంది, తప్పకుండా రావాలి." ఇంకో నియమం కూడా చెప్పింది. ఏ ఇంట్లోనైనా ఒకరికి బొట్టు పెడుతుంటే పక్కన ఇంకో ముత్తయిదువ ఉంటే ఆవిడను వదిలి రాకూడదు, ఆవిడకూ పెట్టాలి. అది మర్యాద. పెట్టాక ఆవిడను పిలిచినట్టే. నేను నియమాలు బాగా పాటించే పిల్లను. అదే నా పీక మీదికి వచ్చింది.

ఆఖరి ఇల్లు గానుగ వారి సన్యాసమ్మగారిది. ఆవిడకు బొట్టు పెట్టాను. పక్కన పీట మీద ఇంకొకావిడ కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. భారీ మనిషి, చెవులకు పెద్ద కమ్మలు. ఇంకొక పేరు బాకీ లేదు నా దగ్గర, కానీ నియమం ఉంది. వెళ్ళి బొట్టు పెట్టి, నేర్పిన మాట అప్పచెప్పాను. ఆవిడ పిక్క తియ్యడం ఆపింది.

"ఎవరింటి పిల్లవే" అంది.

"తాళ్ళ కొట్టు వారమండి."

"మీ మామ్మ నన్ను పిలవమందా?"

"మరీ మరీ పిలవమందండి" అన్నాను.

ఆవిడ చింతపండు చేత్తోనే నా బుగ్గ పట్టుకుని, "వస్తానని సెప్పు" అంది. ఇంటికి వచ్చేదాకా నా బుగ్గ పుల్లగా ఉంది.

ఆవిడ నర్సమ్మ. మా మామ్మకు తోటికోడలు, తాతయ్య తమ్ముడి భార్య, నాకు చిన్నమామ్మ. చీపురుపల్లిలో ఉంటారు. సన్యాసమ్మగారమ్మాయి పురిటికి సాయం వచ్చిందట. పదకొండేళ్ళుగా మా మామ్మకూ ఆవిడకూ మాటలు లేవు. నేను పుట్టక ముందు మా పెద్దత్త పెళ్ళిలో ఆఖరి బంతి వేసేసరికి ఒక్కావిడే మిగిలిపోయిందట, నర్సమ్మ. అంత పెద్ద పెరట్లో ఒకే ఒక్క విస్తరి. ముందు ఒక్కావిడ. తోడు కూర్చునేవాళ్ళు లేరు, అందరి భోజనాలూ అయిపోయాయి. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. మొత్తం భోజనం తిని, చెయ్యి కడుక్కుని, చీపురుపల్లి వెళ్ళిపోయింది. అంతే, ఆ తరవాత ఒక కబురు లేదు, ఒక రాక లేదు. మామ్మ రెండుసార్లు మనిషిని పంపితే, "ఒంటరి మనిషిని నానెందుకు" అని తిప్పి పంపిందట.

నేను ఈ వార్త చెప్పేసరికి మామ్మ ఒళ్ళో బియ్యం చేట పక్కన పెట్టేసింది. మొదట కళ్ళు తుడుచుకుంది. "వస్తానందా. నిజంగా అందా" అని నాచేత మూడుసార్లు చెప్పించుకుంది. తరవాత వేళ్ళు మడవడం మొదలెట్టింది. ఏడు చేతులు అయ్యాయి. ఇంకా రెండు వేళ్ళు ఉన్నాయి.

"ఒసే పైడీ" అంది, "ఎంతమందినే పిలిచేవు?"

"ముప్పై ఏడుగుర్ని."

"ఆరు బంతులకి ముప్పై ఆరు కదే. మరి ఒకర్తె మిగిలిపోతాది. ఎవర్తె మిగుల్తాది?"

ఆఖర్న పిలిచింది నర్సమ్మనే కనుక మిగిలేదీ ఆవిడే. ఆవిడ స్థానంలో మరొకర్ని ఒంటరిగా కూర్చోబెడితే ఆ మరొకరు పదకొండేళ్ళు మాట్లాడరు. ఒక బంతిలో ఏడుగుర్ని ఇరికిస్తే మొక్కు తప్పుతుంది, పైగా మిగతా అయిదు బంతులవాళ్ళూ మా బంతి పొట్టిదెందుకయింది అని అడుగుతారు. పెట్టిన బొట్టు తుడవడం అనేది నోటితో అనకూడని మాట. మామ్మ అప్పుడు నా వైపు తిరిగి చాలా నెమ్మదిగా ఒక మాట అంది. అరిస్తే బాగుండును. "ఇన్నాళ్ళు మీ తాత నీకు లెక్కలు సెప్పేడు కదే. ఆ లెక్కలతోటే దీన్ని సరిసెయ్యి. ఆ రోజుకి ఒక్క విస్తరి మిగిలిందా, నీ పలక అటక మీదకెళ్ళిపోతాది. మరి దిగదు."

మర్నాడు పెరట్లో పేడ అలికిన నేల మీద నేనూ మా అమ్మా అడ్డాకు విస్తర్లు పరిచాం. ముప్పై ఏడు. మామ్మ అరుగు మీద కూర్చుని ఆజ్ఞలు ఇచ్చింది. రెండు బంతులు వెయ్యమంది. పద్దెనిమిదేసి వేసి, ఒకటి నా చేతిలో మిగిలింది. మూడు బంతులు. పన్నెండేసి, ఒకటి మిగిలింది. నాలుగు, తొమ్మిదేసి, ఒకటి. ఆరు సంగతి తెలిసిందే. ఎలా వేసినా అదే ఒక్క విస్తరి నా చేతికి తిరిగి వచ్చేది. మామ్మకు అనుమానం వచ్చింది, "ఎక్కడో దాస్తన్నావు" అని. తానే దిగి వచ్చి, ఇటు చివర నుంచి కాకుండా అటు చివర నుంచి వేసి చూసింది. అటు నుంచి కూడా ఒకటే మిగిలింది. అయిదు బంతులు వేస్తే ఏడేసి, రెండు మిగిలాయి. మామ్మ మొహం ఒక్కసారి వెలిగింది. "ఇద్దరైతే ఒకర్తెకొకర్తె తోడు" అంది. తరవాత తానే తల ఆడించుకుంది. "అప్పుడొకర్తెని ఒగ్గేసేరు, ఇప్పుడిద్దర్ని ఒగ్గేసేరు అంటాది. దానికి తెలివి తక్కువేటి."

సాయంకాలం నేను ఏడుస్తూ తాతయ్య దగ్గరికి వెళ్ళాను. అంకె చెప్పగానే ఆయన మొహం చూడాలి. ఇంట్లో మనవడు పుట్టాడని చెబితే కూడా అంత సంతోషించేవారు కారేమో.

"ముప్పై ఏడా. ఎంత మంచిది వచ్చిందే అమ్మడూ" అన్నారు. "అది మొండి అంకె. సమానంగా పంచితే పంచబడదు. ఒక్కర్నొక్కర్నీ విడిగా కూర్చోబెట్టాలి, లేదా అందర్నీ ఒకటే బంతిలో కూర్చోబెట్టాలి. మూడోదారి లేదు."

ప్రధాన సంఖ్య అనే మాట నేను చాలా ఏళ్ళ తరవాత విన్నాను. మా ఇంట్లో అవి మొండి అంకెలే. ఏడు బంతులు, ఎనిమిది బంతులు కూడా చూడాలా అని అడిగాను. అక్కర్లేదన్నారు. ఏడు బంతులో అంతకన్న ఎక్కువో వేస్తే బంతికి ఆరుగురికన్న తక్కువే వస్తారు కదా, నిలువు వరసల్ని బంతులనుకుంటే అవి ఆరులోపు బంతులే, ఆరులోపు బంతులన్నీ పొద్దున్నే మీ మామ్మ చూసేసింది కదా అన్నారు. "మీ మామ్మ తెలియకుండానే రుజువు చేసింది" అని మురిసిపోయారు. మరి అయిదు తప్పించి ప్రతిసారీ ఒకటే ఎందుకు మిగులుతోందంటే, "ముప్పై ఆరు ఎవరు పిలిస్తే వాళ్ళతో వెళ్ళిపోయే అంకె. రెండుకు లొంగుతుంది, మూడుకు, నాలుగుకు, ఆరుకు, తొమ్మిదికి, అందరికీ లొంగుతుంది. దాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చుంది. ఇక ఎవరికీ లొంగదు" అన్నారు. అక్కడితో ఆగలేదు. పలక లాక్కుని మూడు ఒకట్లు రాయమన్నారు. నూట పదకొండు. ఆ మూడు ఒకట్లను కూడితే మూడు. నూట పదకొండును మూడుతో భాగిస్తే ముప్పై ఏడు. మూడు రెండ్లు రాయి, కూడితే ఆరు, భాగించు. ముప్పై ఏడు. మూడు తొమ్మిదులు, కూడితే ఇరవై ఏడు, భాగించు. మళ్ళీ అదే. నూట ఎనభై అయిదు రాసి, ముప్పై ఏడు దానిలో అయిదుసార్లు పోతుందన్నారు. ముందున్న ఒకటిని తీసి చివర పెట్టమన్నారు. ఎనిమిది వందల యాభై ఒకటి. అందులోనూ పోయింది. మళ్ళీ ముందుది చివర పెట్టాను. అయిదు వందల పద్దెనిమిది. అందులోనూ పోయింది. నేను కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి పలక కేసి చూస్తూ ఉండిపోయాను. అంత అందమైన అంకె నా కొంప ముంచుతోందని కాసేపు గుర్తు రాలేదు.

"మరి వాళ్ళని ఎలా కూర్చోబెట్టాలి తాతయ్యా" అన్నాను ఆఖరికి.

తాతయ్య నశ్యం పీల్చారు. తుమ్మారు. "అది నాకు తెలియదమ్మా" అన్నారు.

ఆ వారమంతా నేను కనిపించిన ప్రతిదాన్నీ లెక్కపెట్టాను. తాళ్ళ చుట్టలు, పెంకుల వరసలు, అమ్మ గాజులు. నిద్రలో కూడా ఒకటి మిగిలేది. తరవాతి లక్ష్మివారం తెల్లవారుజామున వాకిట్లో ముగ్గుకు చుక్కలు పెట్టడం నా వంతు, గీతలు కలపడం అమ్మ వంతు. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు, సందు చుక్క. అంటే మధ్య వరసలో ఏడు పెట్టి, దాని పైనా కిందా ఆరేసి, అయిదేసి, నాలుగేసి, ఒక్కొక్క చుక్కా ముందు వరసలోని రెండు చుక్కల సందులో పడేటట్టు పెట్టడం. పుట్టి బుద్ధెరిగాక ఆ చుక్కలు ఎన్ని వందలసార్లు పెట్టానో. ఎప్పుడూ మొత్తం కూడలేదు. ఆ రోజు అలవాటు కొద్దీ కూడాను. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఆరు, అయిదు, నాలుగు. మళ్ళీ కూడాను. పిండి చేతులతోనే పెరట్లోకి పరిగెత్తాను.

తాతయ్య నోట్లో వేపపుల్ల ఉంది. మాట్లాడడానికి లేదు. నన్ను కూర్చోమని సైగ చేసి, వేళ్ళ మీద తానే కూడుకుని, వేపపుల్ల ఉమ్మేసి, పళ్ళు కడుక్కోకుండానే వాకిట్లోకి వచ్చేశారు. మడి మనిషి ఆయన. నలభై ఏళ్ళ కాపురంలో పాచినోటితో వీధిలోకి రావడం అదే మొదటిసారి అని మామ్మ తరవాత తప్పు పట్టింది.

"ఇటు రా" అని మామ్మను పిలిచారు. "నీ మొక్కు ఇదిగో, నీ కోడలి వాకిట్లోనే ఉంది. మధ్య చుక్క ఒకటి పక్కన పెట్టు. దాని చుట్టూ ఆరు రేకులు చూడు. ఒక్కో రేకులో లోపల ఒకటి, దాని వెనక రెండు, వాటి వెనక మూడు. ఎన్ని?"

మామ్మ వంగి, వేళ్ళు మడిచింది. "ఒక సెయ్యీ ఒక ఏలూ." రెండో రేకు చూసింది. "ఒక సెయ్యీ ఒక ఏలూ." ఆరు రేకులూ వదలకుండా లెక్కపెట్టింది. నడుం పట్టుకుని లేచి, "ఆరు ఆర్లు" అంది. తరవాత ముగ్గు వైపు చూసి, "అయితే మాత్రం ముగ్గు మీద మడుసుల్ని కూర్సోబెడతారేటండి. ముగ్గు తొక్కకూడదు" అంది.

తాతయ్య నశ్యం డబ్బీ కోసం మొల తడుముకున్నారు. అప్పుడు మా అమ్మ, అత్తగారి ఎదుట అడిగితే తప్ప నోరు మెదపని మనిషి, పిండి పళ్ళెం సర్దుకుంటూ తనలో తాను అనుకున్నట్టు అంది: "గీత కలిపితేనే ముగ్గత్తా. ఉట్టి సుక్కలు ముగ్గు కాదు." మామ్మ ఆవిడ కేసి కోడలు కొత్తగా వచ్చినట్టు చూసింది. ఆ రోజు నాకు మా అమ్మ విలువ తెలిసింది, ఇంకా తీర్చలేదు ఆ ఋణం.

బుధవారం నాడు కొట్టులోంచి కొత్త జనపనార తాడు తీశాం. పెరటి మధ్యలో మేకు కొట్టి తాడు కట్టి, రెండేసి మూరలకు ఒక ముడి చొప్పున మూడు ముడులు వేశారు తాతయ్య. మూడో ముడి పట్టుకుని నన్ను చుట్టూ తిరగమన్నారు, నేల మీద పుల్లతో గీసుకుంటూ. ఆ వలయం మీద అదే తాడు పొడవు పెట్టి కొలుచుకుంటూ వెళ్తే సరిగ్గా ఆరుసార్లకు మొదలుపెట్టిన చోటికే వచ్చింది. అవి ఆరు మూలలు. ఇక మధ్యవి ఇరికించుకోవడమే. గానుగ వారి పాలేరు గోడ మీంచి చూసి, ఏం డేరా వేస్తున్నారని అడిగాడట. సున్నం చుక్కలు పెట్టడం అయ్యేసరికి ఎండ దిగిపోయింది. చుక్కకొక పీట, పీటకొక విస్తరి, అన్నీ తూర్పు ముఖంగా. నా చేతిలో ఏమీ మిగల్లేదు. రెండు చేతులూ తిప్పి చూసుకున్నాను.

ఆఖరి లక్ష్మివారం వచ్చింది. ముత్తయిదువలు కాళ్ళు కడుక్కుని, పసుపు రాయించుకుని పెరట్లోకి వస్తూనే ఆగిపోతున్నారు. బంతి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తెలియక. నేనే ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని చుక్క దగ్గరికి తీసుకెళ్ళాను. నర్సమ్మ చిన్నమామ్మ అందరికన్నా ఆఖర్న వచ్చింది, కావాలనే అనుకుంటాను. మిగిలింది మధ్య పీట. అక్కడికి తీసుకెళ్ళాను. ఆవిడ కూర్చోలేదు. చుట్టూ చూసింది. పులిహోర గిన్నె పట్టుకుని మామ్మ గడపలో నిలబడిపోయింది.

"మళ్ళీ ఒక్కదాన్నే కూర్సోబెట్టేరేటి" అంది నర్సమ్మ. గట్టిగా కాదు. కానీ పెరడంతా వింది.

నాకు తాతయ్య తుమ్మబోతున్నట్టే అనిపించింది. ఆ లోపల జవాబు చెప్పాలి. "చిన్నమామ్మా, కూర్చుని చెయ్యి చాపండి" అన్నాను. ఎందుకో ఆవిడ విని కూర్చుంది. కుడివైపు చాపింది. చెయ్యికి భుజం తగిలింది. ఎడమవైపు చాపింది. తగిలింది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. "మీకు ఆరుగురు తోడు. ఎటు తిరిగినా ఒకరుంటారు" అన్నాను. ఆవిడ నమ్మలేదు. పీట మీద మొత్తం మనిషి తిరిగి, ఆరుగురి భుజాలూ వరసగా ముట్టుకుని లెక్కపెట్టుకుంది. తరవాత దూరంగా ఒక మూల కూర్చున్న సన్యాసమ్మగారిని కేకేసింది.

"ఒసే సన్నేసీ, నీకెందరే?"

సన్యాసమ్మగారు కుడీ ఎడమా వెనకా చూసుకుని, "నాకు ముగ్గురే అక్కా" అంది.

"ముగ్గురే" అని చిన్నమామ్మ ఆ మాట నోట్లో ఒకసారి తిప్పుకుంది. మొహం విచ్చుకుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, విస్తరి మీద నీళ్ళు చిలకరించుకుంది. మూలలవాళ్ళు ఆరుగురూ మాత్రం తమకు ముగ్గురే ఎందుకయ్యారని నన్ను వాయనాలు ఇచ్చేదాకా అడుగుతూనే ఉన్నారు. నాకు ఆ రోజే తెలిసింది, ఏ అంకె వేసినా ఊళ్ళో మూలలు ఉంటాయని.

మామ్మ పులిహోర గిన్నె అమ్మకిచ్చి, నేతి గిన్నె తీసుకుని, చుక్కల సందుల్లోంచి తప్పుకుంటూ మధ్యకు వచ్చింది. వంగింది. పదకొండేళ్ళ తరవాత వాళ్ళిద్దరి మొదటి మాటలు నేను పక్కనే నిలబడి విన్నాను.

"నెయ్యి ఎయ్యనా?"

"ఎయ్యి. అడుగుతావేటి."

మామ్మ వేసింది. పప్పు మునిగిపోయేదాకా వేసింది. చిన్నమామ్మ చాలు అనలేదు.

ఇప్పుడు మా కోడలి చెల్లెలి కూతురు విజయనగరం కాలేజీకి బస్సులో వెళ్ళి వస్తుంది. లెక్కలే చదువుతోంది. నాకు తెలిసిన మొండి అంకెల సంగతులన్నీ ఆ పిల్లకు తెలుసు, తెలియనివి కూడా తెలుసు. ముప్పై ఏడు ప్రధాన సంఖ్య అని నేను నోరు తెరిచేలోపు చెప్పేస్తుంది, ఎందుకో కూడా చెబుతుంది. ఆ పిల్లను చూస్తే నాకు చెప్పలేనంత సంతోషం, ఆమె పలక ఎవరూ అటక ఎక్కించరు కదా అని. ఒక్కటి మాత్రం ఆమెకు చెప్పినా అర్థం కాలేదు, ఆ అంకెను నేను నేల మీద నడిచి చూశానని, మధ్య నుంచి అంచుకు మూడు అంగలు అని. నా చదువు అంతే, మూడు అంగలు. దానికే అమ్మవారికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. బొట్టు పెట్టించిన ఆ నియమానికి కూడా పెట్టుకుంటాను, అది తప్పు దారి పట్టించకపోతే నాకు ఈ దారి దొరికేది కాదు.

ఆ మధ్యాహ్నం వాయనం చేట పట్టుకుని బయలుదేరుతూ చిన్నమామ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "దీనికి ఇంకో సుట్టు ఏస్తే ఎందరవుతారే" అంది. ఆఖరి చుట్టులో పద్దెనిమిది, తరవాతి చుట్టుకు ఆరు ఎక్కువ, ఇరవై నాలుగు. "అరవై ఒక్కరు" అన్నాను. "అదీ ఇలాటి మొండిదేనా?" అని అడిగింది. తాతయ్య వైపు చూశాను. ఆయన తల ఊపారు. చిన్నమామ్మ మామ్మ వైపు తిరిగింది.

"అక్కా, వచ్చే మార్గశిరం నా ఇంటికాడ అరవై ఒక్కర్ని పిలుస్తాను. నువ్వు రావాలి. నడి సుక్క నీదే. పిల్లనీ పలకనీ వారం ముందే పంపెయ్యాలి."

మామ్మ "అలాగే" అంది. సాగనంపి వచ్చి, చెంగు దోపుకుని అరుగు దగ్గరకి వచ్చి నిలబడింది. నేను పలక వెనక్కి దాచుకున్నాను, ఎందుకైనా మంచిదని.

"అరవై ఒకటి ఏస్తాదట అది" అంది మామ్మ తాతయ్యతో. "దాని తరవాత సుట్టు ఎంతండి?"

తాతయ్య లెక్క కట్టారు. "తొంభై ఒకటి. కానీ అది మొండిది కాదు. పదమూడేసి చొప్పున ఏడు బంతులు చక్కగా వేసుకోవచ్చు."

మామ్మ మూతి విరిచింది. "బంతులు అందరూ ఏస్తారు. దాని తరవాతది సూడండి" అంది.

నూట ఇరవై ఏడు. తాతయ్య డబ్బీ తెరిచారు. నేను పలక ముందుకు తీశాను. మామ్మ పీట లాక్కుని మా ఇద్దరి మధ్యా కూర్చుని, "రెండుతో మొదలెట్టే" అంది.